ఆన్‌లైన్ వేలంలో అమ్మకం: మండపేట నుంచి మొదలుపెట్టేవారికి

ఒక వస్తువును ఇంటర్నెట్‌లో పాటకు పెట్టి, గడువు ముగిసేసరికి అందరికంటే ఎక్కువ పాడినవారికి అమ్మడాన్ని ఆన్‌లైన్ వేలం అంటారు. దుకాణంలో అమ్మేవాడు ధర చెబుతాడు, కొనేవాడు బేరమాడతాడు. వేలంలో అమ్మేవాడు మొదటి మెట్టు మాత్రమే చూపిస్తాడు, తక్కిన మెట్లు పాటదారులే ఎక్కుతారు. ఊళ్లో జరిగే పాటకూ దీనికీ అసలు తేడా ఒక్కటే. ఇక్కడ కొనేవాడు వస్తువును చేత్తో పట్టి చూడలేడు. అమ్మేవాడు రాసిన నాలుగు మాటలు, పెట్టిన నాలుగు ఫొటోలే అతనికి ఆధారం. ఈ పద్ధతిలోని నియమాలు, జాగ్రత్తలు, మోసాలు చాలావరకు ఆ ఒక్క తేడా నుంచే పుట్టాయి.

డెల్టాలో పాట

గోదావరి తూర్పు డెల్టాలో వరి పొలాలు, బియ్యం మిల్లుల మధ్య పెరిగిన పట్టణం మండపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు తూర్పుగోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. ఈ చుట్టుపక్కల వేలం తెలియని ఇల్లు ఉండదు. కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు, సఖినేటిపల్లి–నరసాపురం రేవు పాట పెట్టి ఇచ్చినవే. పంచాయతీ చెరువులో చేపలకు, సంతలో ఆశీలుకు, దేవస్థానం కొబ్బరి చెట్ల ఫలసాయానికి, గుడి భూముల కౌలుకు ఏటా పాటలు జరుగుతాయి. టముకు వేయించడం, ధరావతు కట్టించుకోవడం, సర్కారు పాట ప్రకటించడం, మూడుసార్లు పిలిచి కొట్టేయడం అందరికీ తెలిసిన తంతు. చీటీ పాట ఇంటింటి వ్యవహారం. అక్కడ ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకున్నవారికి సొమ్ము దక్కుతుంది కాబట్టి పాట తలకిందులుగా నడుస్తుంది.

పాడేవాళ్ల మనసు ఎలా పనిచేస్తుందో చూడాలంటే హైదరాబాద్ దగ్గర బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం చూడాలి. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. అక్కడ కొంటున్నది పుణ్యాన్నీ పరువునూ. పదిమంది ఎదుట గెలవాలన్న పట్టుదల ధరను వస్తువు విలువకు చాలా దూరం తీసుకుపోతుంది. ఆన్‌లైన్ వేలంలో ఆ పదిమంది కనబడరు కానీ పట్టుదల ఉంటుంది. మొదటిసారి అమ్మేవారు దానిమీద మరీ ఆశ పెట్టుకోకూడదు. అందరి ఎదుటా పాడినంత వేడి ఫోను తెర మీద పుట్టదు.

పంటల వేలం కంప్యూటర్లలోకి మారడం కూడా ఈ ప్రాంతం దగ్గరనుంచే చూసింది. గోదావరికి అవతల దేవరపల్లి, గోపాలపురం, కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం పొగాకు వేలం కేంద్రాలు గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డు నడిపేవి. బోర్డు వేలం పద్ధతి 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. నోటితో పాడిన పాట తర్వాతి కాలంలో ఎలక్ట్రానిక్ పరికరాల్లోకి మారింది. ఇతర పంటలకు జాతీయ వ్యవసాయ మార్కెట్ అనే ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో మొదలైంది. ఆ తొలి జాబితాలో నిజామాబాద్ పసుపు మార్కెట్ ఉంది. 2020 మే నాటికి వెయ్యి మార్కెట్లు చేరాయి.

విరిగిన వస్తువుతో మొదలు

వ్యక్తులు వ్యక్తులకు అమ్ముకునే ఆన్‌లైన్ వేలం చరిత్ర 1995 సెప్టెంబరులో అమెరికాలో మొదలైంది. పియరీ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామర్ ఆక్షన్‌వెబ్ పేరుతో ఒక సైటు తెరిచి, పాడైపోయిన లేజర్ పాయింటర్‌ను అందులో పెట్టాడు. అది 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. పనిచేయదన్న సంగతి తెలుసా అని ఆయన కొన్నవారిని అడిగితే, తాను పాడైన లేజర్ పాయింటర్లే సేకరిస్తానని జవాబు వచ్చింది. 1997లో ఆ సైటు పేరు ఈబే అయింది. ఒకరికి చెత్త అనిపించిన వస్తువు కోసం ఎక్కడో ఒకరు వెతుకుతూ ఉండవచ్చు. వారిద్దరినీ కలపగలిగితే చాలు, ధర దానంతటదే తేలుతుంది. వేలం సైటు చేసే మేలు అదే. వస్తువు పాడైందని అమ్మినవాడు దాచకపోవడం ఈ కథలో అంతకన్నా ముఖ్యమైన సంగతి.

భారతదేశంలో ఈ పని 2000లో ముంబయిలో అవనీశ్ బజాజ్, సువీర్ సుజన్ మొదలుపెట్టిన బాజీ డాట్ కామ్‌తో ఊపందుకుంది. 2004లో ఈబే దాదాపు 5 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. అదే ఏడాది డిసెంబరులో, సైటులో ఒక వ్యక్తి అమ్మకానికి పెట్టిన అశ్లీల వీడియో వ్యవహారంలో బజాజ్ అరెస్టయ్యారు. ఎవరో పెట్టిన సరుకుకు సైటు నడిపేవారి బాధ్యత ఎంత అన్న ప్రశ్న దేశం ముందుకు వచ్చింది. సమాచార సాంకేతిక చట్టానికి 2008లో వచ్చిన సవరణ, సెక్షన్ 79 కింద మధ్యవర్తి సైట్లకు షరతులతో రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ సైటుకే. సరుకు పెట్టిన వ్యక్తికి అది వర్తించదు. తాను పెట్టినదానికి తానే జవాబుదారీ అన్న సంగతి కొత్తగా అమ్మేవారు మొదట తెలుసుకోవాలి.

2017లో ఈబే భారత వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది. 2018 ఆగస్టులో ఆ దేశీయ సైటు మూతపడింది. అప్పటినుంచి ఇంట్లోని పాత వస్తువును దేశంలోని ఎవరికైనా పాటకు పెట్టగల పెద్ద వేదిక మనకు లేదు. ఈ లోటు పెద్దదే. పాత వస్తువుల ప్రకటనల సైట్లు ఉన్నా అక్కడ జరిగేది బేరమే. ఇప్పుడున్న దారులు మూడు. విదేశీ కొనుగోలుదారులకోసం ఈబే అంతర్జాతీయ సైటులో భారత్ నుంచి అమ్మడం మొదటిది. నాణేలు, తపాలా బిళ్లలు, కళాఖండాలు వేలం వేసే సంస్థలకు సరుకు అప్పగించడం రెండోది. 2000లో ముంబయిలో మొదలైన శాఫ్రనార్ట్ లాంటి సంస్థలు ఆన్‌లైన్ పాటలతోనే పేరు తెచ్చుకున్నాయి. మూడోది ఈ-నామ్ లాంటి ప్రభుత్వ వేదిక, అది పంటకే.

పాట నడిచే తీరు

అమ్మేవారు మొదటి ధర, గడువు నిర్ణయిస్తారు. ఈబేలో గడువు 1, 3, 5, 7, 10 రోజుల్లో ఏదైనా కావచ్చు. వారం పెట్టుకుంటే ఒక ఆదివారం కలిసివస్తుంది. కావాలనుకుంటే బయటికి కనబడని కనీస ధర కూడా పెట్టుకోవచ్చు. పాట ఆ ధర దాటకపోతే వస్తువు అమ్ముడుపోదు. మన సర్కారు పాటలో ఆ అంకెను ముందే చదివి వినిపిస్తారు, ఇక్కడ అది దాగి ఉంటుంది.

పాటదారులు రోజంతా తెరముందు కూర్చోనక్కర్లేదు. తాను ఎంతవరకు పోగలడో ఆ గరిష్ఠ మొత్తాన్ని ఒకసారి చెప్పి వదిలేస్తే, సైటు అతని తరఫున అవసరమైన మేరకే పాడుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి ధర 500 రూపాయలు, పాట పెరుగుదల 50 రూపాయలు. ఒకరు 2,000 దాకా సిద్ధం, మరొకరు 1,400 దాకా. రెండోవారు 1,400 దగ్గర ఆగిపోతారు కాబట్టి మొదటివారికి వస్తువు 1,450కే దక్కుతుంది. అంటే అమ్మేవారికి వచ్చే ధరను తేల్చింది ఓడిపోయిన వ్యక్తి. ఈ సూత్రాన్ని 1961లో ఆర్థికవేత్త విలియం వికెరీ విశ్లేషించారు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. తపాలా బిళ్లలను ఉత్తరాల ద్వారా వేలం వేసే వ్యాపారులు 19వ శతాబ్దం చివరినాటికే దీన్ని వాడారు.

అమ్మేవారికి ఇందులో ఉన్న సారం చాలా సూటిది. ఒక్కరే వచ్చి లక్ష పెట్టడానికి సిద్ధంగా ఉన్నా, పోటీకి రెండోవారు లేకపోతే వస్తువు మొదటి ధరకే పోతుంది. ఇద్దరు గట్టివాళ్లు రావడమే ముఖ్యం. కనీస ధర ఎంత పెట్టాలని తలబద్దలు కొట్టుకోవడం కంటే ఇంకొక్క పాటదారుణ్ణి రప్పించడం ఎక్కువ లాభమని 1996లో ఆర్థికవేత్తలు జెరెమీ బ్యులో, పాల్ క్లెంపరర్ సిద్ధాంతపరంగా చూపించారు. వస్తువు పేరు సరైన అక్షరాలతో, సేకర్తలు వెతికే మాటలతో రాయడానికి అంత విలువ ఉండేది ఇందుకే.

చివరి క్షణాల్లో పాడటం మరో సంగతి. ఈబేలో గడువు గడియారం ప్రకారం కచ్చితంగా ముగుస్తుంది కాబట్టి ఆఖరి సెకన్లలో పాటలు కురుస్తాయి. ఒకప్పటి అమెజాన్ వేలం సైటులో ఆఖరి పాట తర్వాత 10 నిమిషాల మౌనం ఉంటేనే పాట ముగిసేది. అక్కడ ఆఖరి నిమిషం పాటలు చాలా తక్కువని ఆర్థికవేత్తలు ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ 2002లో వెల్లడించారు. కాబట్టి ఈబేలో పెట్టిన వస్తువుకు ఐదో రోజున కూడా పాటలు లేవని కంగారుపడి ఉపసంహరించుకోవడం తొందరపాటు.

తన వస్తువుకు తానే బంధువుల ఫోన్లనుంచి పాడించి ధర పెంచడం వేలం సైట్లు నిషేధించిన పని. చట్టమూ దాన్ని ఒప్పదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 64వ సెక్షన్ వేలాల గురించే. తానూ పాడతానని అమ్మేవాడు ముందుగా బాహాటంగా చెప్పి ఉంటే తప్ప అతను గానీ అతని మనిషి గానీ పాడకూడదు. దొంగ పాటతో ధర పెంచారని తేలితే కొన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు.

ఏది పాటకు పెట్టాలి

ధర ఎంతో ఎవరికీ తెలియని వస్తువుకే వేలం సరిపోతుంది. ఇంటి అటక మీది 78 ఆర్.పి.ఎం. గ్రామఫోన్ రికార్డులు, ఆగ్ఫా క్లిక్ కెమెరా, తాతగారి హెచ్.ఎం.టి. జనతా వాచీ, బ్రిటిష్ ఇండియా కాలం నాటి తపాలా కవర్లు ఇలాంటివి. వీటికి దుకాణంలో రేటు ఉండదు. ద్వారపూడి బట్టల మార్కెట్లో దొరికే చీరకూ, మొబైల్ ఫోనుకూ, మిక్సీకీ రేటు అందరికీ తెలుసు. అలాంటివి పాటకు పెడితే ఆ రేటుకంటే తక్కువే వస్తుంది. ఈబేలోనే 2000ల మొదట్లో వేలాలదే పైచేయి కాగా, తర్వాతి పదేళ్లలో స్థిరమైన ధరకు అమ్మేవి దాన్ని మించిపోయాయి. మార్కెట్ ధరలు అందరికీ తెలిసిపోయేకొద్దీ పాట అవసరం తగ్గింది.

చేతిపని విషయం విడిగా చెప్పుకోవాలి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లిక గోదావరికి రెండు వైపులా స్త్రీల చేతుల్లో బతుకుతోంది. పరిశోధకురాలు మారియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనం ఆ స్త్రీలకు దక్కే కూలి ఎంత తక్కువో, మధ్యవర్తుల చేతికి ఎంత పోతుందో లోకానికి చెప్పింది. ఇంటర్నెట్ ఆ మధ్యవర్తులను దాటించగలదన్న ఆశ న్యాయమైనదే. కానీ లేసు టేబుల్ గుడ్డను, బండారులంక నేత చీరను, ఉప్పాడ జాందానీని వేలానికి పెట్టడం సరికాదు. వాటిలో పట్టిన నూలు, పట్టిన రోజులు లెక్కకు తెలిసినవే. ఆ శ్రమకు కనీస వెల అమ్మేవారే కట్టాలి. తక్కువ ధరతో మొదలుపెడితే ఆ వారం సైటులో ఎంతమంది చూశారన్నదాని మీద ఆ పని చేసిన స్త్రీ కూలి ఆధారపడుతుంది. ఆమె పనిని స్థిరమైన ధరకు అమ్మాలి. ఇకమీద నేయని నమూనాలో మిగిలిన ఒకే ఒక పాత చీర ఉంటే దాన్ని పాటకు పెట్టవచ్చు.

కడియం నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటి, అంబాజీపేట కొబ్బరి ఈ ప్రాంతానికి పేరు తెచ్చినవే. కానీ త్వరగా పాడయ్యే సరుకును వ్యక్తిగత వేలం సైట్లలో అమ్మడం తొలి అడుగు కాకూడదు. విదేశాలకు మొక్క పంపాలంటే ఆరోగ్య ధ్రువపత్రం కూడా కావాలి.

చూడలేని వస్తువుకు ధర పలికించడం

ఆన్‌లైన్ వేలంలో వర్ణనే సరుకు. ఇది ఎంత నిజమో తిరుమల తలనీలాలు చూపిస్తాయి. తిరుమల తిరుపతి దేవస్థానం కల్యాణకట్టలో సేకరించిన తలనీలాలను 2011 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. ద్వారా ఈ-వేలం వేస్తోంది. రాశిగా పోసి అమ్మదు. పొడవును బట్టి వేరుచేస్తుంది: 31 అంగుళాలు, అంతకు మించినవి మొదటి రకం, 16 నుంచి 30 రెండోది, 10 నుంచి 15 మూడోది, 5 నుంచి 9 నాలుగోది, 5 లోపు ఐదోది, తెల్లవి మళ్లీ వేరు. కొలత తెలిసినందువల్ల ఎక్కడో ఉన్న ఎగుమతిదారు కిలోకు ఇంత అని ధైర్యంగా పాడగలడు. అన్నీ కలిపి అమ్మితే అతను చెత్త రకమే ఎక్కువుంటుందని అనుకుని ఆ ధరకే పాడేవాడు. భక్తులు హుండీలో వేసిన వాచీలు, మొబైల్ ఫోన్లను కూడా దేవస్థానం లాట్లుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంటుంది.

ఈ-నామ్‌లోనూ ఇదే సూత్రం. రైతు సరుకుతో గేటు దగ్గరికి రాగానే లాటు నంబరు ఇస్తారు. నమూనా తీసి తేమ, తాలు, రంగు లాంటివి పరీక్షించి ఆ ఫలితాన్ని తెర మీద పెడతారు. తర్వాతే వ్యాపారులు పాడతారు. పరీక్ష యంత్రాలు, మనుషులు లేని మార్కెట్లలో బయటి వ్యాపారి నమ్మడు. అప్పుడు పాట స్థానికులకే పరిమితమై, కంప్యూటరు ఉన్నా పాత వ్యవహారమే సాగుతుంది.

ఒక వాచీ అమ్మేవారు ఇదే పనిని తమ స్థాయిలో చేయాలి. హెచ్.ఎం.టి. వాచీల సంస్థ మూసివేతకు 2016లో కేంద్రం నిర్ణయం తీసుకున్నాక వాటిమీద సేకర్తల మోజు పెరిగింది. దానితోపాటు డయలు కొత్తగా పెయింటు వేయించి, రెండు మూడు వాచీల భాగాలు కలిపి పాతదిగా అమ్మేవారూ పెరిగారు. అందుకే కొనేవారు చూసేది ఇవి: డయలు అసలుదేనా, వెనుక మూత మీద అక్షరాలు, లోపలి యంత్రం ఫొటో, తాళం తిప్పితే ఎన్ని గంటలు నడుస్తుంది, గాజు మీద గీతలు, పట్టీ మార్చారా. తెలియని దాన్ని తెలియదని రాయాలి. పాత నాణేన్ని చింతపండు వేసి తోమి మెరిపించాక ఫొటో తీయడం చాలామంది చేసే పని. సేకర్త దృష్టిలో తోమిన నాణెం విలువ పడిపోయినట్టే. గ్రామఫోన్ రికార్డుకు లేబుల్ మీది సంస్థ పేరు, కేటలాగు నంబరు, గాయకుని పేరు, అంచులో వెంట్రుకవాసి పగులు ఉందా అన్నది చెప్పాలి. ఈలపాట రఘురామయ్య రికార్డు అని రాసినదానికీ, పాత తెలుగు రికార్డు అని రాసినదానికీ వచ్చే పాటదారుల సంఖ్యలో చాలా తేడా ఉంటుంది.

ఫొటోలు పగటి వెలుతురులో, నీడపట్టున, తెల్లటి గుడ్డ మీద పెట్టి తీస్తే చాలు. నాలుగు వైపులా తీయాలి. దెబ్బతిన్న చోటును దగ్గరగా తీసి మొదటి మూడు ఫొటోల్లోనే పెట్టాలి. పక్కన ఒక స్కేలు ఉంటే పరిమాణం గురించిన ప్రశ్నలు తగ్గుతాయి. వేరే సైటునుంచి ఫొటో తెచ్చి పెట్టడం కొన్నవారి నమ్మకానికి ద్రోహం చేయడమే.

ఈబే 1996లోనే అమ్మినవారికీ కొన్నవారికీ ఒకరిపై ఒకరు మాట రాసే ఏర్పాటు తెచ్చింది. 2008లో అమ్మేవారు కొన్నవారిపై చెడ్డ మాట రాసే వీలు తీసేసింది. కొత్తగా వచ్చినవారి గురించి అలాంటి మాటలేవీ ఉండవు కాబట్టి తొలి అమ్మకాలకు తక్కువ ధర పలుకుతుంది. ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువును మొదట పెట్టకపోవడం మంచిది. చిన్నవి నాలుగైదు అమ్మి, పదిలంగా చేర్చి, ఆ తర్వాత పెద్దది తీయాలి.

పాటకు పెట్టకూడనివి

డెల్టా నేలలో దున్నుతుంటే, పునాది తవ్వుతుంటే పాత నాణేలు, విగ్రహాలు బయటపడటం కొత్త కాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాన్ని అమ్మకానికి పెట్టడం నేరం. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కింద వందేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, చిత్రాల వంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వీటిని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం పూర్తిగా నిషేధం. తాతముత్తాతల తాటాకు ప్రతిని విదేశీ పాటదారుకు పంపితే కస్టమ్స్ దగ్గర దొరికిపోయి కేసు అవుతుంది. అంతకన్నా బాధాకరం, ఆ ఊరి చరిత్రలో ఒక పుట పోవడం. అలాంటి ప్రతులను ప్రాచ్య లిఖిత గ్రంథాలయాలకు చేర్చడమే తగిన పని.

ఏనుగు దంతపు బొమ్మలు, వన్యమృగాల చర్మాలు, నక్షత్ర తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధాలు. ఇంట్లో తరాలుగా ఉన్నాయన్న మాట అమ్మకానికి అనుమతి కాదు.

పాత నోటుకు లక్షలు

ట్రాక్టరు బొమ్మ ఉన్న 5 రూపాయల నోటుకు, వైష్ణోదేవి బొమ్మ నాణేనికి లక్షలు ఇస్తామనే ప్రకటనలు ఫోన్లలో తిరుగుతుంటాయి. నమ్మి ఫోన్ చేసినవారిని రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, రిజర్వు బ్యాంకు కమిషన్ అంటూ విడతలుగా డబ్బు కట్టమంటారు. రిజర్వు బ్యాంకు తాను అలాంటి వ్యవహారాలు చేయదని, ఎలాంటి కమిషన్ వసూలు చేయదని, తన పేరుతో చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదని 2021 ఆగస్టులో ప్రకటించింది. నిజమైన వేలంలో డబ్బు అమ్మేవారి వైపు వస్తుంది. అమ్మేవారినే ముందుగా కట్టమన్నవారు మోసగాళ్లే. తెలుగు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ చెంబు, రెండు తలల పాము పేరుతో భూములు అమ్ముకున్న కుటుంబాలున్నాయి. చెంబు బియ్యపు గింజలను లాగితే కోట్లు వస్తాయన్న మాట వెనుక ఏ శాస్త్రమూ లేదు.

రెండో రకం మోసం చెల్లింపులో. సైన్యంలో ఉన్నానని, వచ్చి చూసే తీరిక లేదని, ముందే డబ్బు పంపుతానని చెప్పి క్యూఆర్ కోడ్ పంపిస్తారు. దాన్ని స్కాన్ చేసి పిన్ నొక్కగానే అమ్మేవారి ఖాతా ఖాళీ అవుతుంది. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. సైటు బయట మాట్లాడుకుందాం, కమిషన్ మిగులుతుందన్న పిలుపు కూడా ఎక్కువగా ఇలాంటిదే. మోసపోయినట్టు తెలిసిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

పన్నులు, నియమాలు

ఇంట్లో వాడిన వస్తువు ఎప్పుడో ఒకటి అమ్మడం వేరు, కొని అమ్మడం వేరు. రెండోది వ్యాపారం. సైటు ద్వారా అమ్మేవారి వసూళ్లనుంచి ఆదాయపు పన్ను చట్టం కింద కోసే మొత్తం 2024 అక్టోబరు నుంచి 1 శాతం నుంచి 0.1 శాతానికి తగ్గింది. ఏడాదికి 5 లక్షలు దాటని వ్యక్తి పాన్ లేదా ఆధార్ ఇస్తే అదీ కోయరు. సైట్లద్వారా అమ్మేవారందరికీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మే చిన్నవారికి, వార్షిక అమ్మకాలు పరిమితి లోపల ఉంటే, మినహాయింపు వచ్చింది. పొరుగు రాష్ట్రానికి అమ్మడం మొదలుపెట్టేముందు పట్టణంలోని పన్ను సలహాదారును ఒకసారి కలవడం అవసరం. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, వర్ణనకు తగ్గట్టు లేకపోయినా వ్యాపారి వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు.

ప్యాకింగ్, పోస్టు, సముద్రం దాటడం

బరువు తూచకుండా పాటకు పెట్టడం కొత్తవారికి నష్టం తెచ్చే అలవాటు. ఇత్తడి గంగాళం పంపడానికి అయ్యే ఖర్చు దాని ధరలో సగం తినేయవచ్చు. ముందే అట్టపెట్టెతో సహా తూచి, పోస్టాఫీసులో రేటు కనుక్కొని, ఆ మొత్తాన్ని పాటకు విడిగా చూపించాలి. 78 ఆర్.పి.ఎం. రికార్డు లక్కతో చేసింది, పెళుసుగా ఉంటుంది. రెండు గట్టి అట్టల మధ్య బిగించి, చుట్టూ నాలుగు వేళ్ల మందాన మెత్త ఉండే పెట్టెలో పెట్టాలి. ప్యాక్ చేస్తున్నప్పుడు ఫోనుతో వీడియో తీస్తే, విరిగి చేరిందన్న వివాదం వచ్చినప్పుడు పనికొస్తుంది. తపాలా బిళ్లల సేకర్తలు ఏళ్లుగా నమ్ముకున్న రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఇప్పుడు వెల ఉన్న కవరు పంపాలంటే స్పీడ్ పోస్టులోనే పంపాలి.

విదేశాలకు వ్యాపారంగా అమ్మేవారికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ ఇచ్చే ఎగుమతి దిగుమతి కోడ్ కావాలి. దరఖాస్తు రుసుము 500 రూపాయలు, పని అంతా ఆన్‌లైన్‌లోనే. చిన్న ఎగుమతిదారుల కోసం తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు తెరిచింది. కస్టమ్స్ పత్రాలు అక్కడే నింపి పార్సిల్ ఇవ్వవచ్చు. ఈబేలో అమ్మిన సొమ్ము పేయోనీర్ ఖాతా ద్వారా మన బ్యాంకుకు వస్తుంది. కస్టమ్స్ కాగితం మీద కొన్నవారు అడిగారని ధర తగ్గించి రాయకూడదు. పార్సిల్ పోతే పరిహారం ఆ రాసిన ధరకే లెక్క కడతారు, పైగా అది తప్పుడు ప్రకటన అవుతుంది.

తెలుగువారు ఎక్కువగా ఉన్న అమెరికాకు పంపే లెక్క 2025లో మారిపోయింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపి, సుంకాన్ని ముందుగానే వసూలు చేసే ఏర్పాటుతో అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అందువల్ల అమెరికా పాటదారులను ఆశించి సరుకు పెట్టేవారు ఆ సుంకం ఎవరు భరిస్తారో పాట మొదలవకముందే వర్ణనలో రాయాలి.